క్విజ్ చూడ్డానికి రండి

సంపూర్ణమ్మ టీచరు గుమ్మంలోకొచ్చి పిలిస్తే ఆ ఊళ్ళో కాదనేవాళ్ళు లేరు. ఊళ్ళో చదువుకున్న పిల్లల్లో ఆవిడ దగ్గర సోషల్ చదవనివాళ్ళు తక్కువ. అలాంటి మనిషి తొంభై తొమ్మిది జూన్‌లో, ఎండలు ఇంకా వదలకుండానే, గొడుగేసుకుని ఇంటింటికీ తిరిగింది. "ఆదివారం సాయంత్రం ఐదున్నరకి మా ఇంటికి రండి. మన పిల్లలు టీవీలో క్విజ్ ఆడతారు. అందరం కలిసి చూద్దాం" అని పేరుపేరునా చెప్పింది. అంత అవమానం చేసి పంపించినా ఆ స్కూలు పిల్లల మీద ప్రేమ చావలేదు చూడండి మహాతల్లికి అని ఎదురింటి బుల్లెమ్మ కళ్ళు కూడా ఒత్తుకుంది.

ప్రేమా పాడా! చంద్రరావు పరువు పదిమందిలో తీయడానికి ఆవిడ చేస్తున్న ఏర్పాటది.

చంద్రరావంటే ఆ స్కూలు కరస్పాండెంటు. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊళ్ళో పద్నాలుగేళ్ళ కిందట ఒక పెంకుటింట్లో స్కూలు పెట్టాడు. మొదటి రోజు చేరిన ఇద్దరు టీచర్లలో సంపూర్ణమ్మ ఒకతె. పిల్లల్ని పంపమని పొలం గట్ల వెంబడి తిరిగి తల్లిదండ్రుల్ని బతిమాలింది ఆవిడే. పెంకుటిల్లు రెండంతస్తుల మేడ అయింది. మేడకి రంగులేశారు, గేటుకి పేరు రాయించారు, బస్సు కొన్నారు. అప్పుడు చంద్రరావుకి ఇంగ్లీషు మీడియం మీద మోజు పుట్టింది, తెలుగులో పాఠం చెప్పే సంపూర్ణమ్మ పనికిరాకుండా పోయింది.

మోజు పుడితే పుట్టింది, పిలిచి చెప్పొచ్చు కదా. గదిలో కూర్చోబెట్టి, "అమ్మా, ఇంక మీరు మానేయండి" అంటే ఏడ్చేది, తిట్టేది, ఇంటికెళ్ళిపోయేది. ఆ మహానుభావుడు అలా చెయ్యలేదు. మార్చిలో వార్షికోత్సవం నాడు, ఊరంతా కూర్చున్న సభలో మైకు పట్టుకుని, "పద్నాలుగేళ్ళు సేవలందించి ఈ ఏడాదితో విశ్రాంతి తీసుకుంటున్న సంపూర్ణమ్మ గారిని ఇప్పుడు సన్మానించుకుందాం" అన్నాడు. విశ్రాంతి తీసుకుంటున్నదెవరా అని ఆవిడ పక్కకి చూసింది. ఆవిడకప్పుడు నలభై ఆరేళ్ళు. చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. మెళ్ళో దండేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఏం జరుగుతోందో బుర్రకెక్కేలోపు ఆవిడ రెండు చేతులూ జోడించి అందరికీ దణ్ణం కూడా పెట్టేసింది. ఫోటో తీశారు.

ఉద్యోగం పీకుతుంటే నవ్వుతూ దణ్ణం పెట్టిన మనిషిని నేనొక్కతినే అని తల్చుకున్నప్పుడల్లా ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు పరుల తప్పులు క్షమించే మాట వచ్చేసరికి నోరు మూసుకుని, ఆ ముక్క దాటాక మళ్ళీ అందుకునేది. భర్త రాజరత్నం మండలాఫీసులో గుమస్తా, మెత్తటి మనిషి. "పోనీలేద్దూ, నరసాపురంలో ఇంకో స్కూలు చూసుకుందాం" అన్నాడు రెండుసార్లు. మూడోసారి అనలేదు.

"వాడు నన్ను ఎవరి ముందు నిలబెట్టాడో వాళ్ళ ముందే వాణ్ణి నిలబెట్టాలి. అది చూసేదాకా నాకు నిద్ర పట్టదు" అంది ఆవిడ.

దేవుడు ఆ మాట విన్నట్టే మే నెలలో చంద్రరావు స్కూలుకి హైదరాబాద్ నుంచి టీవీ క్విజ్‌కి పిలుపొచ్చింది. ఇద్దరు పిల్లలు వెళ్ళాలి. సత్యశ్రీ, దుర్గాసాయి వెళ్ళారు. సత్యశ్రీ సంపూర్ణమ్మ క్లాసులో ముందు బెంచీ పిల్ల. తండ్రి లేడు, తల్లి మిషను కుట్టి చదివిస్తోంది. దుర్గాసాయి చంద్రరావు మేనల్లుడు. తీసుకెళ్ళింది చంద్రరావే. వెళ్ళేముందు మూడు రోజులు రిక్షాకి మైకు కట్టించి ఊరంతా చెప్పించాడు. తిరిగొచ్చాక మాత్రం ఒక్క మాట లేదు.

అక్కడే పట్టుకుంది సంపూర్ణమ్మ. ఆ క్విజ్ ముందే తీసి, నెల తర్వాత చూపిస్తారు. గెలిచుంటే చంద్రరావు ఊరుకునే రకమా? బస్టాండు నుంచి స్కూలుదాకా బ్యానర్లు కట్టేవాడు, పిల్లలిద్దర్నీ జీపెక్కించి ఊరేగించేవాడు. ఆ రోజుల్లోనే అడ్మిషన్లు కూడా జరుగుతున్నాయి. అయినా నోరు మెదపడం లేదంటే చిత్తుగా ఓడిపోయాడన్నమాట. ఎప్పుడు వస్తుందో కూడా ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చూడకుండా దాటించేద్దామని చూస్తున్నాడన్నమాట.

"దాటనిస్తానా?" అనుకుంది. మే నెలాఖరు నుంచి ప్రతి ఆదివారం టీవీ ముందు కాపు కాసింది. వచ్చేవారం ఆడే జట్ల పేర్లు చివర్లో చెప్తారు. జూన్‌లో మొదటి ఆదివారం తమ ఊరి పేరు వినపడగానే గొడుగు తీసింది.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి కుర్చీలు తెప్పించి వాకిట్లో వేయించింది. టీవీని వసారాలో బల్ల మీద ఎత్తుగా పెట్టించింది. రాజరత్నం డాబా ఎక్కి యాంటెనా తిప్పుతూ, "ఇప్పుడొచ్చిందా? ఇప్పుడో?" అని అరుస్తుంటే, కింద నుంచి పదిమంది, "వచ్చింది... పోయింది... ఆ, అక్కడే ఉంచండి" అని అరిచారు. పళ్ళెంలో జంతికలు, గ్లాసుల్లో టీ తిరిగాయి. నలభై మందికి పైగా వచ్చారు. అందరూ ఆ స్కూల్లో పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళే, మార్చిలో చప్పట్లు కొట్టినవాళ్ళే. ధాన్యం లారీల వీరవెంకటసత్యనారాయణ కూడా కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నాడు.

సత్యశ్రీ రాలేదు. సంపూర్ణమ్మ స్వయంగా వెళ్ళింది. ఆ పిల్ల గుమ్మం వెనకాల నిలబడి, "నాకు ఒంట్లో బాలేదండి టీచర్ గారూ" అంది. చెయ్యి పట్టుకుని చూస్తే ఒళ్ళు చల్లగానే ఉంది. చంద్రరావు నోరు కట్టేశాడు కాబోలు పసిదానికి అనుకుని, ఆవిడ కోపం ఇంకొంచెం పెరిగింది.

"నువ్వు లేకపోతే ఎలాగే? రా, నా పక్కనే కూర్చుందువుగాని."

"వద్దండి. మీరు కూడా చూడొద్దండి. బాగోదండి."

"బాగోకపోతే ఆ సిగ్గు నీది కాదు తల్లీ, నిన్ను తీసుకెళ్ళినవాడిది" అని చెయ్యి వదలకుండా తీసుకొచ్చి ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

ఐదున్నరకి మొదలైంది. మూడు జట్లు. తెర మీద సత్యశ్రీ కొత్త యూనిఫాంలో, రెండు జడలకి ఎర్ర రిబ్బన్లతో కనిపించగానే వాకిలంతా గోలగోల. ఆ పిల్ల తల్లి చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. చూడ్డానికొచ్చినవాళ్ళని చూపిస్తే, అక్కడ మొదటి వరసలో చంద్రరావు, తెల్ల సఫారీలో, చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకు మేనమామలాగా. సంపూర్ణమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

ఇంక చూడండి, ఆవిడ బాధ. సత్యశ్రీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టేస్తోంది. హంపీ ఏ నది ఒడ్డున ఉంది? తుంగభద్ర. ఎర్రకోట కట్టించిందెవరు? షాజహాన్. ప్రశ్న పూర్తవకుండానే బజరు నొక్కుతోంది. అన్నీ సంపూర్ణమ్మ చెప్పినవే. సరైన జవాబు వచ్చిన ప్రతిసారీ ఆవిడ చేతులు చప్పట్లకి లేచేవి. అంతలోనే తెర మీద చంద్రరావు నవ్వుతూ పక్కాయనకేదో చెప్తుండేవాడు, చేతులు ఒళ్ళో పడిపోయేవి. దుర్గాసాయి మాత్రం టై సర్దుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. మూడో జట్టు ఎప్పుడో వెనకబడిపోయింది. అనంతపురం పిల్లలు మాత్రం వదలడం లేదు.

"గెలిచేట్టున్నారండోయ్!" అన్నాడు వీరవెంకటసత్యనారాయణ.

సంపూర్ణమ్మకి గుండెల్లో రాయి పడింది. లెక్క తప్పిందా? గెలిచి కూడా ఊరుకున్నాడా చంద్రరావు? చూస్తూ చూస్తూ ఊరినంతా పిలిచి, టీ పోసి, వాడి గెలుపు తనే చూపిస్తోందా? ఓడిపోవాలి, ఓడిపోవాలి అని పళ్ళ మధ్య నలుపుతూనే ఉంది. తను చదువు చెప్పిన పిల్ల ఓడిపోవాలని కోరుకుంటున్నానన్న స్పృహ కూడా అప్పుడు లేదు ఆవిడకి. పక్కన సత్యశ్రీ తల వంచుకుని, ఒక జంతికని ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చుంది.

ఆఖరి ప్రశ్నకి వచ్చేసరికి అనంతపురం కంటే ఐదు పాయింట్లు ముందున్నారు. పది పాయింట్ల ప్రశ్న, ముందు సత్యశ్రీ వాళ్ళకే, వాళ్ళు తప్పితే అనంతపురానికి. చెప్తే కప్పు వాళ్ళదే.

క్విజ్ మాస్టరు ఒక మ్యాపు చూపించాడు. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు, జిల్లాకో రంగు. "ఈ మ్యాపులో ఒక తప్పుంది. ఏంటో చెప్పాలి. ముప్ఫై సెకన్లు" అన్నాడు. మ్యాపులో తూర్పు గోదావరి జిల్లా మొత్తం ఆకుపచ్చగా ఉంది, సముద్రం అంచుదాకా.

తెర మీద సత్యశ్రీ పైనుంచి కిందకి చూసింది. "తప్పేమీ లేదండి" అంది.

"ఆలోచించుకో అమ్మా. మీ వైపే ఒకసారి చూడు. గోదావరి జిల్లాల వాళ్ళే కదా మీరు!"

"చూశానండి. కరెక్టేనండి. మా టీచరు గారు కూడా ఇలాగే రంగు వేయించారండి."

వాకిట్లో వీరవెంకటసత్యనారాయణ కుర్చీలోంచి లేచి, "యానాం! యానామే! యానాం మనది కాదే!" అని కేక పెట్టాడు. "పాండిచ్చేరిది! మందు సీసా మీద రాసే ఉంటది!" జనం ఘొల్లుమన్నారు. అదే సమయానికి తెర మీద అనంతపురం పిల్లాడు, ఆ సముద్రాన్ని ఎప్పుడైనా చూశాడో లేదో గానీ, "యానాం సార్. అది పాండిచ్చేరిలో భాగం, వేరే రంగు ఉండాలి" అన్నాడు. గంట మోగింది. కప్పు వాళ్ళకిచ్చేశారు.

తర్వాత చంద్రరావు మొహం చూపించారు. అబ్బ, ఆ మొహం! నవ్వు సగంలో ఆగిపోయి, జేబురుమాలు ఎక్కడుందో దొరక్క రెండు జేబులూ తడుముకుంటున్నాడు. మూడు నెలల పాటు కళ్ళు మూసుకున్నప్పుడల్లా సంపూర్ణమ్మ చూడాలనుకున్నది ఇదే. ఇంత బాగా ఉంటుందని ఆవిడ కూడా అనుకోలేదు.

కానీ ఆ మొహాన్ని ఆవిడ సరిగ్గా చూడలేదు. ఆవిడకి కిందటేడు తొమ్మిదో తరగతి గది కనిపిస్తోంది. సత్యశ్రీ మ్యాపు పట్టుకొచ్చింది. సముద్రం అంచున చిన్న చుక్క తెల్లగా వదిలేసి ఉంది. "ఇదేంటే, రంగు తిన్నగా వెయ్యడం కూడా రాదా?" అని గదమాయించి, ఆ పిల్ల ఏదో చెప్పబోతుంటే వినకుండా, తనే ఆకుపచ్చ పెన్సిలు తీసుకుని ఆ చుక్కని బాగా రుద్ది నింపింది. అదొక్కసారే కాదు. పద్నాలుగేళ్ళు, అన్ని బ్యాచీలూ, ఒకే ఆకుపచ్చ.

ఈలోపు వాకిట్లో ఆవిడ కోరుకున్న గొడవ మొదలైంది.

"ఇంత డబ్బా కొట్టుకుని యానాం తెలీదా? పరువు పోయింది!"

"ఎవరో టీచరు అలాగే రంగేయించిందంట, విన్నారా? ఇంకెవరు, సెలవుల్లో వీళ్ళని క్విజ్‌కి తయారుచేసిన కొత్తావిడే. కాకినాడ నుంచి తెచ్చేడుగా, శ్రీదుర్గ అంట. ఇంగ్లీషు గడగడా మాట్లాడేస్తదని."

"మన సంపూర్ణమ్మ గారుండగా ఇలా జరిగేదాండీ? బంగారంలాంటి మనిషిని తీసేసి..."

"రేపే మావాడి టీసీ తీసేసుకుంటాను నేను" అన్నాడు వీరవెంకటసత్యనారాయణ. "మీరెవరు వస్తారో చెప్పండి. పదిమందిమి కలిసి వెళ్దాం. ముందు ఆ కొత్త టీచర్ని గేటు బయటికి పంపమందాం. ఇదిగో సత్యశ్రీ, ఎవరమ్మా ఆ మాట చెప్పిన టీచరు? ఆ కొత్తావిడేనా?"

సత్యశ్రీ తలెత్తి సంపూర్ణమ్మ వైపు చూసింది. ఒక్క క్షణమే చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఆయ్, అవునండి. శ్రీదుర్గ మేడమ్ గారేనండి" అంది.

అయిపోయింది. ఇంక సంపూర్ణమ్మ చెయ్యాల్సిందేమీ లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. రేపు పొద్దున్నే పదిమంది వెళ్తారు, మధ్యాహ్నానికి పాతికమంది అవుతారు. చంద్రరావు ఇదే జనం ముందు చేతులు కట్టుకుని సంజాయిషీ చెప్పుకుంటాడు. వచ్చి మళ్ళీ చేరమని ఆవిణ్ణి బతిమాలినా బతిమాలతాడు. ఇంతకంటే గొప్పగా ఎవరు తీర్చుకోగలరు కసి? "ఇంకొంచెం టీ పొయ్యమంటారా?" అని అడగబోయింది. నోరు తెరిచింది కూడా.

పక్కన పిల్ల తలెత్తడం లేదు. ఐదేళ్ళు ముందు బెంచీలో కూర్చుని, హోంవర్కు చెయ్యకపోతే చెయ్యలేదని తనే లేచి చెప్పిన పిల్ల. ఈ పూట చూడొద్దని అంతగా చెప్తే వినకుండా లాక్కొచ్చి, ఊరందరి మధ్యా కూర్చోబెట్టి అబద్ధం ఆడించింది ఎవరు? రేపు ఆ కాకినాడ అమ్మాయిని గేటు బయటికి నడిపిస్తారు. ఎందుకు పంపిస్తున్నారో ఆ అమ్మాయికి అర్థం కూడా కాదు.

సంపూర్ణమ్మ లేచి టీవీ కట్టేసింది.

"ఆగండి. ఎవరూ వెళ్ళకండి. ఆ పిల్ల అబద్ధం చెప్పింది."

"టీచర్ గారూ, వద్దండి" అంది సత్యశ్రీ.

"నువ్వూరుకో. ఆ రంగు వేయించింది నేను. శ్రీదుర్గ కాదు. దీనికి తొమ్మిదో తరగతిలో చెప్పింది నేను. ఇది సరిగ్గానే వదిలితే, తిట్టి మరీ నా చేత్తో రంగేశాను."

వీరవెంకటసత్యనారాయణ, "అదేంటండీ టీచర్ గారూ! మీకు యానాం తెలీకపోవడమేంటండీ?" అన్నాడు.

"తెలీకేం? పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అని బెత్తం పట్టుకుని మరీ వల్లె వేయించాను. మా పిన్ని ఇల్లు అక్కడే. మ్యాపు దగ్గరకొచ్చేసరికి అదంతా మనదే కదా అనుకున్నాను. పద్నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను."

ఎవరో వెనకాల కిసుక్కుమన్నారు. బుల్లెమ్మ అమాయకంగా అడిగేసింది: "అయితే చంద్రరావు గారి తప్పేం లేదన్నమాటండీ?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం సంపూర్ణమ్మ జీవితంలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైంది. పళ్ళు బిగపట్టింది. రాజరత్నం గుమ్మంలో నిలబడి భార్య మొహం చూస్తున్నాడు.

"ఇందులో లేదు" అంది.

జనం ఒకళ్ళ వెనకాల ఒకళ్ళు లేచారు. వెళ్ళొస్తామండి, వెళ్ళొస్తామండి అని తల తిప్పుకుని చెప్పారు. గేటు దాటాక నవ్వులు వినిపించాయి. అవి చంద్రరావుని చూసి నవ్విన నవ్వులు కావు. సత్యశ్రీ వెళ్ళలేదు. కుర్చీలు మడతపెడుతూ ఏడుస్తోంది. "ఎవరికీ చెప్పొద్దని నేనే అనుకున్నానండి" అంది. "నాకు తెలుసులేవే" అని సంపూర్ణమ్మ ఆ పిల్ల జడ సరిచేసి, వాళ్ళమ్మ చేతికప్పగించి పంపింది. తర్వాత లోపలికెళ్ళి తలుపేసుకుని గొంతెత్తి ఏడ్చింది. తప్పు చేసినందుకు సగం. గెలిచిన ఆటని తన నోటితో తనే ఓడిపోయినందుకు మిగతా సగం.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి స్కూలు అటెండరు యెహెజ్కేలు సైకిలు దిగి గేటు కొట్టాడు. పెద్దమనిషి, మాట తడబడుతోంది.

"సారు పంపించారండి. నిన్న జరిగిందంతా ఆయనకి తెలిసిందండి. తల్లిదండ్రులు గొడవకి రాబోతుంటే మీరే ఆపేరంట కదండీ. మీది చాలా గొప్ప మనసని చెప్పమన్నారు. స్కూలు తరఫున థాంక్స్ చెప్పమన్నారండి. సాయంత్రం తనే వచ్చి చెప్తానన్నారు."

సంపూర్ణమ్మకి ఒళ్ళంతా మళ్ళీ భగ్గుమంది.

"రావద్దని చెప్పు. నేను చెప్పింది ఆ పిల్ల కోసం, ఆ కొత్త టీచరు కోసం. మీ సారు కోసం కాదు. ఆయన సంగతి నా దగ్గర ఇంకా అలాగే ఉంది. అది వేరే."

యెహెజ్కేలు సైకిలు హ్యాండిలు పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డాడు. "ఇలాగే చెప్పమంటారాండీ?"

"ఇలాగే చెప్పు" అంది సంపూర్ణమ్మ. "ఒక్క ముక్క తగ్గించకు."